జనవరి గది

పొద్దున లేవగానే కొలెట్ చేసే మొదటి పని కుక్కపిల్ల మొహం తుడవడం. గోరువెచ్చటి నీళ్లలో మెత్తటి గుడ్డ ముంచి, గట్టిగా పిండి, ముక్కు మీది మడతల్లో వేలు పెట్టి సుతారంగా తుడిచేది. ఆ మడతల్లో తడి మిగిలితే పుండు పడుతుంది కాబట్టి పొడిగుడ్డతో మళ్లీ అద్దేది. పిటూ అంతసేపూ కళ్లు మూసుకుని కూర్చునేది. బోస్టన్ టెరియర్ జాతి. పిడికెడంత ఒళ్లు, ఎవరో అరచేత్తో నొక్కేసినట్టు అణిగిపోయిన ముక్కు. అది ఊపిరి తీస్తుంటే పక్కగదిలోకి వినిపించేది.

కొలెట్ ఆడపడుచు బెర్నడెట్ ఇలాంటి కుక్కల్ని పెంచి అమ్ముతుంది. ఒక ఈతలో పుట్టిన పిల్లల్లో అన్నిటికన్నా చిన్నది ఇదే, పాలు తాగలేకపోయింది. దాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చి కొలెట్ ఒళ్లో పెట్టింది.

"బతికితే నీ చలవ, పోతే దాని రాత. ఆగస్టు దాకా సాకిపెట్టు. ఫ్లోరిడా వాళ్లెవరో అడిగారు" అంది.

కొలెట్ అమెరికాలో, లోవెల్ అనే ఊళ్లో, ఒక బడి వంటశాలలో పనిచేస్తుంది. ఉండేది చెక్కఇంటి మూడో అంతస్తులో. భర్త నార్మండ్ మూడేళ్ల కిందట, మంచు పడుతున్న ఒక జనవరి పొద్దున, నిద్రలోనే పోయాడు. అప్పటినుంచీ ఆ పడకగదిలో జనవరే. పైకప్పు నుంచి మంచు కురుస్తూనే ఉండేది. చూడవచ్చిన పాదరీ గుమ్మం దగ్గర బూట్లు దులుపుకుని వెళ్లాడు. హీటర్ బాగుచేసే మనిషి తలుపు కింద దుప్పటి కుక్కుకోమన్నాడు. కింది అంతస్తు ముసలాయన తాసోస్ తను పట్టిన చేపల్ని ఆ తలుపు వెనక దాచుకునేవాడు. ఆయన తలుపు తీసినప్పుడల్లా కొలెట్ అటు తిరిగి గిన్నెలు తోముకునేది. ఆమె పడక వంటగది పక్కనున్న సోఫా మీదే.

జూలైలో ఎండలు ముదిరాయి. పొట్టి ముక్కు కుక్కలకి ఎండంటే ప్రాణగండం. అందుకని సూర్యుడు రాకముందే పిటూని కిందికి తీసుకెళ్లి తెచ్చేసేది. మెడ బిగుసుకోకుండా పట్టీ ఛాతీకే కట్టేది. మిగతా రోజంతా ఏసీ ముందు పడుకోబెట్టేది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. పైకప్పు పెనంలా కాలింది. కాసేపటికే పిటూ కాళ్లు చాపేసి, రంపం కోసినట్టు ఎగపోయడం మొదలుపెట్టింది. నాలుక ఊదారంగుకి తిరిగింది. కొలెట్ పశువుల డాక్టరుకి ఫోన్ చేసింది. పొట్టా పాదాలూ తడుపుతూ, చల్లగాలి తగలనిచ్చి, కాస్త తేరుకోగానే తీసుకురమ్మన్నాడు. కానీ ఊరంతా కరెంటు లేదు, చల్లగాలి ఎక్కణ్నుంచి వస్తుంది?

చేపల కోసం వచ్చిన తాసోస్ కుక్కపిల్లని చూసి ఆగిపోయాడు.

"చల్లటి చోటు పక్కనే ఉంది కదమ్మాయ్."

"నావల్ల కాదు తాసోస్ గారూ. మీరు తీసుకెళ్లండి."

ఆయన ఎత్తుకోగానే పిటూ బెదిరి గింజుకుంది. ఊపిరి ఇంకా బిగిసింది. ఆయన దాన్ని మళ్లీ ఆమె చేతుల్లోనే పెట్టి, తలుపు మాత్రం తీసి పట్టుకున్నాడు.

"దానికి నువ్వే కావాలి" అన్నాడు.

కొలెట్ వట్టికాళ్లతో లోపలికి నడిచింది. మంచులో చీలమండల దాకా దిగబడింది. మంచం అంచున కూర్చుని, కుక్కపిల్లని ఒళ్లో వేసుకుని తడిగుడ్డతో పొట్టా పాదాలూ తుడవసాగింది. తలగడ మీద నార్మండ్ తల ఆనిన గుంట అలాగే ఉంది, దాన్నిండా మంచు. మూడేళ్లుగా చప్పుడన్నది ఎరగని ఆ గదిలో పిటూ ఊపిరి గరగరా వినిపించింది.

"మీ అక్కయ్య కుక్క, నార్మండ్" అంది కొలెట్. "దీనికి ఊపిరి అందడం లేదు."

ఆమాట బయటికి రాగానే ఏడుపు తన్నుకొచ్చింది. చేతులు మాత్రం తుడుస్తూనే ఉన్నాయి. మెల్లగా నాలుకలో ఎరుపు తిరిగింది. పిటూ తుమ్మి, ఆమె గడ్డం నాకింది.

సాయంత్రం డాక్టరు పరీక్షించి, ప్రమాదం తప్పిందనీ, ఈ వేసవంతా ఇలాగే చల్లగా చూసుకోవాలనీ చెప్పాడు. దాంతో మధ్యాహ్నాలన్నీ వాళ్ల కాపురం ఆ గదిలోనే అయింది. కొలెట్ కోటు తొడుక్కుని, ఉన్నిటోపీ పెట్టుకుని బఠానీలు ఒలుచుకునేది. పిటూ మంచులో ముక్కు పెట్టి తవ్వి, తుమ్మి, పరిగెత్తుకొచ్చి ఆమె కోటులో దూరేది. మనుషులు మసలడం మొదలయ్యేసరికి గదిలో నెలలు కదిలాయి. కురిసే మంచు పలచబడింది. ఆగస్టు వచ్చేసరికి కిటికీకి వేలాడే మంచుకడ్డీలు బొట్లు బొట్లుగా కారసాగాయి. తాసోస్ తన ఇంటి కప్పు కారుతోందని సణిగి, కింద బకెట్ పెట్టుకుని, చేపలు పట్టుకుపోయాడు. కొలెట్ తడిసిన పరుపు ఎండబెట్టి, కొత్త దుప్పటి పరిచి, ఒక మధ్యాహ్నం ఆ మంచం మీదే నడుం వాల్చింది.

మనసులో మాత్రం ఒకటే బెంగ. ఫ్లోరిడా ఎండకి పిటూ తట్టుకుంటుందా? ఇవ్వనని వదినతో ఎలా చెప్పడం? రోజూ ఫోన్ తీసేది, మళ్లీ పెట్టేసేది.

చెప్పకముందే బెర్నడెట్ బుట్ట పట్టుకుని వచ్చేసింది. బయట ఎండ మాడ్చేస్తోంది. గదిలో ఏప్రిల్ నడుస్తోంది, తడిమట్టి వాసన. పిటూ కొలెట్ పొట్ట మీద పడుకుని గుర్రు పెడుతోంది. అడుగుల చప్పుడుకి కొలెట్‌కి మెలకువ వచ్చింది గానీ కళ్లు తెరవడానికి ధైర్యం చాల్లేదు. తమ్ముడి మంచం దగ్గర బెర్నడెట్ చాలాసేపు నిలబడింది. జారిన దుప్పటి కొలెట్ భుజం మీదికి లాగి, తలుపు దగ్గరగా వేసి వెళ్లింది.

కాసేపటికి వంటగదిలోంచి ఆవిడ గొంతు వినిపించింది, ఎవరితోనో ఫోన్లో.

"ఆ పిల్ల గురించేనండీ. లేదు లేదు, నిక్షేపంగా ఉంది. కానీ ఇవ్వడానికి కుదరదు. దానికి ఇల్లు దొరికింది."