గులాబి రంగు నీళ్లు

ఒకటో తరగతికి గీతలు, రెండుకి ఆకారాలు, మూడుకి రంగులు, నాలుగుకి చీర అంచు డిజైన్లు, ఐదుకి సొంత బొమ్మ. బొమ్మల పాఠాలకు ఈ వరస నేనే రాసి బడి గోడకు అంటించాను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. ఏది చెప్పినా పద్ధతిగా చెప్పాలని తాపత్రయం.

ఆ సోమవారం మూడో తరగతి పిల్లల్ని ఇంట్లోనే రంగు చేసి తెమ్మన్నాను. పసుపు, బొగ్గు, గోరింటాకు తెచ్చారు. నజ్మీన్ మాత్రం సీసా నిండా గులాబి రంగు నీళ్లు తెచ్చింది.

"ఎంత బాగుందే! ఎట్లా చేశావు?"

"చెప్పను టీచర్. సీక్రెట్."

నవ్వాను. "సరే, అందరికీ తలా కాస్త పొయ్" అన్నాను.

అందరూ అందులో కుంచెలు ముంచి బొమ్మలు మొదలుపెట్టారు. అరగంటకి నజ్మీన్ బల్ల మీదే వాంతి చేసుకుంది. కళ్లు తేలేస్తోంది.

"ఆ నీళ్లు దేంతో చేశావమ్మా?"

"నాన్న తెచ్చిన పత్తి గింజలు... నానబెట్టా."

ఆ గింజలకు పట్టించేది పురుగుమందు. ఆ రంగు నాకు తెలియనిదా? మా అమ్మ పొలంలో గింజలు పెట్టి వస్తే సబ్బుతో చేతులు రుద్దుకునేదాకా మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. అదే రంగును నేను బాగుందన్నాను.

ఆటోలో ఒళ్లో పెట్టుకుని మార్టూరు ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు సెలైన్ పెడుతూ అడిగారు.

"లోపలికెట్లా పోయింది?"

"కుంచె నోట్లో పెట్టుకుందండీ."

"ఇంకెవరన్నా పెట్టుకున్నారా?"

వెంటనే హెడ్మాస్టర్ రాధాకృష్ణమూర్తి గారికి ఫోన్ చేశాను.

"సార్, మూడో తరగతి పిల్లల్ని అన్నానికి కూర్చోబెట్టకండి. కుంచె నోట్లో పెట్టుకున్నదెవరో అడగండి."

ఫోన్లో ఆయన కేక వినిపించింది. "ఒరేయ్, ఎవడూ ముద్ద ఎత్తొద్దు!" కంచాల చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ లైన్లోకి వచ్చారు.

"అందరూ చెయ్యెత్తారమ్మా. మొన రావాలంటే పెదాలతో తడపాలని టీచరే నేర్పింది అంటున్నారు."

పిల్లలంతా మూడు ఆటోల్లో వచ్చారు. గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ దింపాను. ఇరవై ఇద్దరు. అందరి పెదాల మీదా లేత గులాబి రంగు. ఇద్దరికి తల తిరుగుతోందట. సాయంత్రం దాకా చూడాలన్నారు డాక్టరు.

నాలుగింటికి నజ్మీన్ కళ్లు తెరిచి మంచినీళ్లడిగింది. ఇక భయం లేదన్నారు.

అప్పుడే వాళ్ల నాన్న ఉస్మాన్ పొలం నుంచి పరుగున వచ్చాడు.

"పిల్ల తప్పేం లేదండీ. కుంచె నోట్లో పెట్టుకోమని నేర్పింది నేనే" అన్నాను. తిడతాడనుకున్నాను.

"నాన్నా!" అని నజ్మీన్ చేతులు చాపింది. అతను వంగబోయి చప్పున వెనక్కి తగ్గాడు. రెండు చేతులూ వీపు వెనక దాచుకున్నాడు. వేళ్ల నుంచి మణికట్టు దాకా గులాబి రంగు.

"అమ్మా, ఇక్కడ కుళాయి ఎక్కడుంది? సబ్బుందా?" అన్నాడు.