గురి తప్పిన తూటాలు

కాళియప్పన్ తొడను చీల్చుకుపోయిన గుండు చెంగల్రాయన్ చేతుల మీదుగా తయారైందే. ఆ మాట ఇంకా ఎవరూ పైకి అనలేదు. అనకపోవడమే అతన్ని ఎక్కువ భయపెడుతోంది.

పుదుచ్చేరిలో తాళాలు, దీపాలు బాగుచేసి బతికే చెంగల్రాయన్, అరుణాచలం నాయుడి పాత ఫ్రెంచి తుపాకికి తూటాలు కూడా నింపి ఇచ్చేవాడు. కాల్చేసిన ఇత్తడి గుల్లల్ని కడిగి, కొత్త తుపాకిమందు పోసి, మందు మీద మైనం బిళ్ళ పెట్టి, ఆపైన సీసపు గుండు బిగించేవాడు. విలియనూరు దగ్గర నాయుడి చెరకుతోటను అడవిపందుల నుంచి కాపాడుతూ వచ్చినవి ఆ తూటాలే. చలికాలమంతా ఒక్కటీ గురి తప్పలేదు. చిత్తిరై నెల వేసవి ఎండలు మొదలయ్యాక ఏం పుట్టిందో, ఒకటి సూటిగా పోతే మరొకటి మధ్యలోనే నేలకు కొట్టుకునేది. చివరికి ఒకటి రాతికి తగిలి పక్కకు ఎగిరి, పందుల్ని తోలుతున్న కాళియప్పన్‌కు తగిలింది.

"వాడు బతికినాడు గాబట్టి సరిపోయింది," అన్నాడు నాయుడు. "ఆదివారం మళ్ళీ వేటకు పోవాల. అంతలోపల ఏందో కనిపెట్టు. ఇంకోడికి తగిలిందంటే కొమిసేరు ముందర నేనొకణ్ణే నిలబడను చెంగల్రాయా. నిన్నూ నిలబెడతా."

పోలీసు కొమిసేరు పేరు వినగానే చెంగల్రాయన్ తుపాకిని చంకన పెట్టుకుని బయల్దేరాడు. ఇంటికొచ్చి తుపాకి ఊడదీశాడు. మరలు బిగువుగానే ఉన్నాయి. గొట్టం లోపల మసి లేదు, తుప్పు లేదు. కొత్తగా నింపిన తూటాలు రెండు విప్పి మందు తూచాడు. సమానం. గుండ్లు తూచాడు. అవీ సమానమే. తప్పు కనబడి ఉంటే గుండె కాస్త కుదుటపడేది. ఏమీ కనబడకపోయేసరికి, తను నింపిన ప్రతి తూటాలోనూ ఏదో దాగి కూర్చున్నట్టు అనిపించసాగింది. అన్నం పెట్టుకుని కూర్చున్నా చూపు తూటాల పెట్టె మీదే ఉంది.

"ఏందయ్యా, ఆ పెట్టెవైపే చూస్తా ఉండావు?" అంది అతని భార్య అంబుజం.

"ఏంలేదు," అన్నాడు గానీ, పెట్టెను ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు.

మర్నాడు పొద్దున్నే నాయుడూ అతనూ ఊరి బయట గోరిమేడు వైపు వెళ్ళారు. ఎర్రమట్టి గట్టుకు ఒక పలక ఆనించి నాయుడు కాల్చడం మొదలుపెట్టాడు. మొదటి గుండ్లన్నీ అరచేతంత జాగాలో పడ్డాయి.

"చూసినావా? బాగానే ఉండాయి గదా!" నాయుడు నవ్వాడు.

చెంగల్రాయన్‌కు నవ్వు రాలేదు. బాగా పోతున్నవి ఎందుకు బాగా పోతున్నాయో కూడా అతనికి తెలియదు. నాయుడు చుట్ట ముట్టించి చెట్టునీడకు పోయాడు. మూత తీసిన పెట్టె బండ మీదే ఉండిపోయింది. ఎండ చురుక్కుమంటోంది.

పొద్దెక్కాక తిరిగొచ్చి కాల్చిన గుండు పలక కిందికి దిగింది. తర్వాతది మట్టినే తాకింది. ఆ తర్వాతది పేలిన చప్పుడే వేరుగా ఉంది. తడిగుడ్డ నేలకేసి కొట్టినట్టు 'తప్'మంది. గట్టు మీద ఎక్కడా దుమ్ము లేవలేదు.

గుండు యాడికి పోయింది?

ఆ ప్రశ్న చెంగల్రాయన్ మనసులో మెదిలేలోపే నాయుడు విసుగ్గా తుపాకి గొళ్ళెం లాగి ఖాళీ గుల్ల పారేసి, ఇంకో తూటా పెట్టి భుజానికెత్తాడు. చెంగల్రాయన్ ఒక్క దూకున వెళ్ళి నాయుడి చేతిని పట్టి పక్కకు తోసేశాడు.

"ఏయ్! తుపాకి మీద చెయ్యేస్తావా? విడువు!"

"కాల్చొద్దయ్యా! మీ కాళ్ళు పట్టుకుంటా. గుండు బయటికి పోలేదు!"

నాయుడు అతని చెంప మీద కొట్టాడు. చెంగల్రాయన్ పట్టు వదల్లేదు. గొళ్ళెం లాగి, తూటా బయటికి తీసి, గొట్టంలోకి కడ్డీ దించాడు. కడ్డీ సగం దాకా పోయి టక్కున ఆగింది.

ముందటి గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉంది. దాని వెనక ఈ తూటా కూడా పేలి ఉంటే గొట్టం నాయుడి ముఖం దగ్గరే పగిలేది. నాయుడు మెల్లగా నేలమీద కూర్చున్నాడు.

చెంగల్రాయన్ ఎండలో కాలిపోతున్న తూటా ఒకటి తీసుకుని, గుండును పట్టకారుతో మెల్లగా లాగాడు. పొడిపొడిగా రాలాల్సిన మందు నల్లని ముద్దగా వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కొబ్బరినూనె వాసన.

అంతా అర్థమైంది. మైనం బిళ్ళ మెత్తబడాలంటే అందులో కొవ్వు కలపాలి. పోయిన దీపావళి తర్వాత అంబుజం, "ఇంట్లో ఆవుకొవ్వు కాచినావంటే నేను అమ్మగారింటికి పోతా," అనడంతో కొవ్వుకు బదులు కొబ్బరినూనె కలిపాడు. చలికి నూనె మైనంలోనే గడ్డకట్టుకుని ఉండేది. ఇప్పుడు ఎండ తగిలిన తూటాల్లో మైనం మెత్తబడి, నూనె మందులోకి దిగుతోంది. నీడనున్న తూటా బాగుంటుంది, ఎండ తగిలింది చెడిపోతుంది. ఇంట్లో తాను విప్పి తూచినవి రెండూ నీడలో ఉన్నవే.

"తప్పు నాదేనయ్యా," అన్నాడు.

"అవన్నీ నీళ్ళలో పారెయ్," అన్నాడు నాయుడు.

గొట్టంలోని గుండును తోసి తీసి, వట్టి తేనెమైనంతో కొత్త బిళ్ళలు చేశాడు చెంగల్రాయన్. తూటాల్ని పొద్దంతా ఎండలో పెట్టి, కొన్నిటిని విప్పి మందు చూసి, మిగిలినవి కాల్పించి చూశాడు. అన్నీ ఒక్కచోటే పడ్డాయి. అయినా ఆదివారం అతను నాయుడి పక్కన నిలబడలేదు. పందుల్ని బెదరగొట్టే రేకు ఒకటి పట్టుకుని తోలేవాళ్ళతో కలిసి చెరకులోకి దిగాడు. గట్టు మీద కాలికి కట్టుతో కూర్చున్న కాళియప్పన్ అతన్ని చూసి, "నువ్వెందుకన్నా లోపలికి?" అన్నాడు.

"నింపింది నేనే గదప్పా," అన్నాడు చెంగల్రాయన్.

చెరకు ఆకులు ముఖానికి గీరుకుంటున్నాయి. ముందు ఏమీ కనబడటం లేదు. తుపాకి పేలగానే అతను కళ్ళు గట్టిగా మూసుకుని ఒళ్ళంతా బిగబట్టాడు. ఎవరి కేక వినబడుతుందోనని చెవులు రిక్కించాడు.

"పడింది! పంది పడింది!"

అతను మట్టిలో చతికిలబడ్డాడు. అటువైపు నుంచి గొళ్ళెం లాగిన చప్పుడు వినిపించింది. నాయుడు ఇంకో తూటా పెడుతున్నాడు. తోలేవాళ్ళు అప్పటికే ముందుకు పోయారు. చెంగల్రాయన్ లేచి, రేకు వాయించుకుంటూ వాళ్ళ వెనకే నడిచాడు.