మెట్టు పక్క బోల్టు

దుల్ఫో జీపు గొంతు పోయిందన్న సంగతి నాకంటే ముందు కాలేజీ పిల్లలకే తెలిసింది. మింగ్లనిల్యా నుంచి పట్నానికి పోయే ఆ పిల్లలు రంగు చూసి బండెక్కరు, నంబరు చూసి ఎక్కరు. బండి ఇంకా మలుపులో ఉండగానే వాళ్ల కాళ్ల కింద నేల అదరాలి. ఎక్కి కూర్చున్నాక బల్ల అదరాలి, ఒళ్లో పుస్తకాల సంచి అదరాలి. అదరని బండి వాళ్ల దృష్టిలో కూరగాయలు తోలే బండితో సమానం.

సోమవారం పొద్దున రెండు ట్రిప్పులు సగం ఖాళీగా తిరిగి, మూడోదానికి పోకుండా దుల్ఫో బండి ఇంటికి తోలుకొచ్చేశాడు. నాకు కబురు పెట్టాడు. ఎనిమిది నెలల కిందట ఆ బండికి బేసు మోగించే సబ్‌వూఫర్ బిగించింది నేనే.

"నిన్న సాయంత్రం దాకా బాగానే మోగింది, బై," అన్నాడు. మా వైపు నేస్తాన్ని అలాగే పిలుస్తాం. "పొద్దున చూస్తే దోమ పాడినట్టు పాడుతోంది. ఓ పిల్ల ఏమందో తెలుసా? 'నోయ్, మీ బండికి జలుబు చేసిందా, అల్లం నీళ్లు తాగించండి' అంది. అందరూ ఇకిలించి వెనక బండెక్కి పోయారు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? నేనూ నవ్వాను. ఏడిస్తే బాగోదు కదా."

వాకిట్లో వాళ్లమ్మ పూరింగ్, పీట వేసుకుని కొబ్బరాకు అల్లుతోంది. బియ్యం పోసి ఉడకబెట్టే పూసో పొట్లాలు రోజుకు రెండు వందలు అల్లుతుంది ఆవిడ. కళ్లు ఎటు చూస్తున్నా వేళ్లు మాత్రం ఆగవు.

"ఆ డప్పు పోతే పోయింది. చెవులకు సుఖం," అంది.

"మీ చెవులకు సుఖమే నాంగ్, మీ కొడుకు కడుపుకే కష్టం," అన్నాను.

"నీ నోటికి మాత్రం ఏ రోగమూ రాదురా లినో."

పనిలోకి దిగాను. చిన్న చదరపు బ్యాటరీ ఒకటి తీసి స్పీకరు వైర్లకు తాకించాను. లోపల దుప్పుమంది. అంటే స్పీకరు బతికే ఉంది. వెనక బల్ల కిందికి దూరి చూస్తే ఆంప్లిఫయరు మీది పచ్చ దీపం వెలగడం లేదు. ఫ్యూజు పీకి వెలుగుకు పెట్టి చూశాను, తీగ తెగలేదు. మీటరు తీసి, బ్యాటరీ నుంచి వచ్చే వైరు మీద ఒక ముల్లు, చేత్తో పట్టుకునే ఇనప కడ్డీ మీద ఒక ముల్లు పెట్టాను. పన్నెండున్నర వోల్టులు. రెండో ముల్లు ఎర్తు వైరు మీదికి మార్చాను. మూడు దగ్గర ఊగిసలాడింది. కరెంటు రావడానికి దారి ఉంది, తిరిగి పోవడానికి దారి లేదన్నమాట.

ఎర్తు వైరు వెంబడే వేలితో తడుముకుంటూ పోయాను. ఎక్కే మెట్టు పక్క మూలలో, బల్ల కాలిని నేలకు పట్టి ఉంచే బోల్టు దగ్గర అది ఆగింది. కొత్త కన్నం ఎందుకులే అని అప్పట్లో నేనే దాన్ని ఆ బోల్టుకు బిగించాను. ఇప్పుడక్కడ బోల్టు తల కనపడటం లేదు. నల్లగా, పెచ్చులు కట్టి, పాకం మాడి అంటుకున్నట్టుంది. ఆ పెచ్చులో ఒక తెల్లటి కోడి ఈక.

నాకు అర్థమైంది. దుల్ఫోకూ అర్థమైంది. ఇద్దరం వాకిలి వైపు చూడలేదు.

నేను వైర్లు బిగించిన రోజే, బండి మొదటిసారి రోడ్డెక్కబోతుంటే పూరింగ్ కోడిని కోసింది. మా వైపు కొత్త బండికి నెత్తురు చూపించకుండా ఎవరూ తోలరు. అందరూ చక్రాలకు నాలుగు చుక్కలు రాసి ఊరుకుంటారు. ఆవిడ మాత్రం నాలుగు చక్రాలకూ వేలితో రాసి, గిన్నెలో మిగిలిందంతా ఈ మూలలో కుమ్మరించింది. ఎందుకో ఊరంతటికీ తెలుసు. పెద్దకొడుకు ప్లాసిడో ఇంకొకరి జీపులో మెట్టు మీద వేలాడుతూ కండక్టరుగా పనిచేసేవాడు. ఆ జీపు యజమాని నెత్తురూ గిత్తురూ ఏమిటని నవ్వాడట. పెట్రోలు బంకు దగ్గరి వంపులో ప్లాసిడో చెయ్యి జారింది, మళ్లీ లేవలేదు.

"ఓ పని చెయ్యి బై," దుల్ఫో గొంతు తగ్గించాడు. "జానెడు ఇవతల కొత్త కన్నం వేసి వైరు దానికి బిగించు. ఆ మూల అలా ఉండనీ. అమ్మకు చెప్పొద్దు."

నిజానికి నాకూ ఆ ఆలోచన వచ్చింది. అది పావుగంట పని. కానీ ఎందుకో స్క్రూడ్రైవరు మొన ఆ పెచ్చు మీద పెట్టి నొక్కాను. పెద్దగా బలం కూడా పెట్టలేదు. మొన దిగిపోయింది. బయటికి లాగితే ఆ కన్నంలోంచి కింద మట్టి కనపడింది.

ఆ బల్ల మీద పదిమంది కూర్చుంటారు. మెట్టు మీద మరో ఇద్దరు దాని కాలి నుంచి లేచిన కడ్డీనే పట్టుకుని వేలాడతారు.

"నువ్వే చెప్పు అమ్మకు," అన్నాడు దుల్ఫో.

వెళ్లి పూరింగ్ ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. తుప్పు పట్టింది, గీకాలి, ఇనుము ముక్క వేసి వెల్డింగు పెట్టాలి అని చెప్పాను.

"ఎక్కడ?"

"మెట్టు పక్కన."

వేళ్లు ఆగాయి. "నెత్తురు గీకిన బండిని నా కొడుకు తోలడు. ఇంటి గేటు తియ్యను. పొట్లాలు అల్లి వాడికి నేను తిండి పెడతాను."

"నాంగ్, తప్పు నాది. ఎర్తు బాగా అందాలని అక్కడి రంగంతా ఇనుము మెరిసేదాకా గీకింది నేనే. బిగించాక పైన గ్రీజు పుయ్యాలి. ఆ రోజు మీ ఇంట్లో కల్లు పోశారు, కోడి కూర వడ్డించారు. నేను మర్చిపోయాను."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. "అయితే నెత్తురు వల్ల కాదు?"

కాదని అనేస్తే సరిపోయేది. ఆవిడ కళ్లు ఆ మాట కోసమే చూస్తున్నాయి కూడా. కానీ కాదంటే, గీకి వెల్డింగు పెట్టాక ఆవిడ మళ్లీ అక్కడే ఇంకో గిన్నె కుమ్మరిస్తుంది. మళ్లీ ఎనిమిది నెలలకు అదే కథ. పైగా ఈసారి బేసు ఆగి మనకు చెప్పకపోవచ్చు.

"నెత్తురు వల్ల కూడా, నాంగ్. అందులో ఉప్పుంటుంది. నేను ఇనుము బట్టలూడదీశాను, మీరు దాని మీద ఉప్పు పోశారు. పైనుంచి పిల్లల గొడుగుల నీళ్లు."

ఆవిడ చేతిలో ఉన్న పొట్లాన్ని చివరిదాకా అల్లింది. కొస లోపలికి దోపింది. లేచి, పరికిణీ దులుపుకుని, జీపు దగ్గరికి నడిచింది. బల్ల కింద బోర్లా పడుకుని ఆ కన్నంలో వేలు పెట్టింది. అవతల పక్కకు వచ్చిన ఆ వేలు కొన చక్రం పక్కనుంచి మాకు కనపడింది.

"మా పెద్దాడికి గట్టి ఆసరా ఉండాలని పోశానురా ఇక్కడ," అంది లోపలి నుంచి.

దుల్ఫో ముఖం తిప్పుకున్నాడు.

కాసేపటికి చెయ్యి బయటికి చాపింది. "ఆ గరుకు కాగితం ఇలా తే."

"నేను గీకుతాను నాంగ్, మీకు నడుం నొప్పి..."

"పోసింది నేను. నువ్వు ముట్టుకోకు."

గంటసేపు గీకింది. పెచ్చులు ఒక్కటి కూడా పారెయ్యకుండా కొబ్బరాకులో మూటగట్టింది. అదేం చేసిందో నేను అడగలేదు. వెల్డింగువాడు వచ్చి అరచెయ్యంత ఇనుము వేసి పోయాడు. దాని మీద కొత్త బోల్టు బిగించి, వైరు తగిలించి, ఈసారి మాత్రం వేళ్లకు జిడ్డు కారేలా గ్రీజు పూశాను. దుల్ఫో మీట తిప్పాడు. పచ్చ దీపం వెలిగింది. వాకిట్లో పళ్లెంలోని బియ్యపు గింజలు గెంతడం మొదలుపెట్టాయి.

"ఇప్పుడు నెత్తురు లేదు కదమ్మా," అన్నాడు దుల్ఫో నెమ్మదిగా. "మరి గేటు?"

"రేపు తీస్తా. నేనూ వస్తా."

మర్నాడు పొద్దున ఆవిడ అందరికంటే ముందెక్కి ఆ మూలలో కూర్చుంది. వైరింగు చూసుకుందామని నేనూ ఎదురు బల్ల మీద కూర్చున్నాను. మార్కెట్టు దగ్గర పిల్లలు బిలబిలా ఎక్కారు. ఒకమ్మాయి "కొంచెం జరగరా నానాయ్" అంటే, "ఇది నా చోటు, నువ్వు లోపలికి పో" అని కసిరింది. రెండు చేతులతో కడ్డీ పట్టుకుంది. బేసుకు ఆవిడ బుగ్గలు అదురుతున్నాయి, అయినా ఒక్క మాట అనలేదు. బంకు దగ్గరి వంపు వస్తుండగా దుల్ఫో పాట సగానికి తగ్గించాడు, బండి వేగమూ తగ్గించాడు. అద్దంలో వాళ్లమ్మనే చూస్తున్నాడు.

వంపు దాటాక ఆవిడ చేతిరుమాలు ముడిలోంచి నాణెం తీసి, ఆపమని కడ్డీ మీద టకటక కొట్టింది. బండి ఆగింది.

"ఏమ్మా?" అని అరిచాడు ముందు నుంచి.

"ఏం లేదు. ఇంటి దగ్గర రెండు వందల పొట్లాలు అల్లాలి." మెట్టు మీద ఆగి, ఒక్కసారి కాలు గట్టిగా అదిమి చూసి, దిగింది. "పాట పెంచుకో. లేకపోతే ఈ పిల్లలు రేపు ఎక్కరు."

దుల్ఫో వెంటనే కదల్లేదు. ఆవిడ చెయ్యి ఊపింది, కోళ్లను అదిలించినట్టు. అప్పుడు కదిలాడు. ఇందాకటి అమ్మాయి జరిగి మూలలో కూర్చుని, ఒళ్లో సంచి సర్దుకుంది.