దారికో ఎత్తు, రాయికో ఎత్తు

సానన్న సైకిల్ రెండు పనులు చేసేది. దారిలో ఉన్నంతసేపు అతన్ని మోసేది, ఆగిన చోట సంపాదించిపెట్టేది. హ్యాండిల్ మధ్యలో ఇనప పట్టీతో సానరాయి బిగించి ఉండేది. స్టాండు వేసి, సీటు మీద కూర్చుని తొక్కితే వెనక చక్రం గాలిలో తిరిగేది, దాన్నుంచి వచ్చే బెల్టు రాయిని తిప్పేది. గుమ్మాల్లో కూరలు తరిగే కత్తి దగ్గర్నుంచి బట్టలు కుట్టే కార్ఖానాలో కత్తెర దాకా ఏదైనా ఆ రాయి ముందు తల వంచాల్సిందే. కొట్టుకి అద్దె లేదు, తాళం లేదు. గిరాకీ రాకపోతే కొట్టే గిరాకీ దగ్గరికి పోతుంది. ఇంత తెలివైన వ్యాపారం ఇంకొకటి లేదని అతని గట్టి నమ్మకం.

దాని నష్టం కూడా ఆ తెలివిలోనే దాగి ఉందని తెలియడానికి చాలా కాలం పట్టింది.

రాయి పనికి హ్యాండిల్ కిందికి ఉండాలి. కత్తి మీదికి వంగి ఒంటి బరువంతా అంచు మీద పెట్టాలి. అందుకని సైకిల్ కొన్ననాడే హ్యాండిల్‌ని గొట్టంలోకి దిగినంత దింపి బిగించేశాడు. ఆ వంగుడుతోనే వీధులన్నీ తిరిగాడు. వయసులో ఉన్నంతకాలం ఒళ్ళు అడక్కుండా అరువిచ్చింది. నడివయసు దాటగానే వసూలుకి వచ్చి కూర్చుంది. ముందు అరచేతుల్లో మంట. తర్వాత మణికట్టు నుంచి మోచేతి దాకా లాగుడు. ఆ తర్వాత కుడిచేతి బొటనవేలు తిమ్మిరెక్కి, ఆ తిమ్మిరి మళ్ళీ దిగలేదు.

సాన పట్టేవాడికి బొటనవేలంటే త్రాసులో ముల్లు. పదును ఎక్కిందా లేదా అన్నది గుడ్డపీలిక కోసి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. కాని రాయి మీద ఇంకెంత రుద్దాలి, ఎక్కడ ఆపాలి అన్నది అంచుకి అడ్డంగా వేలు ఆనించి చూసినవాడికే తెలుస్తుంది. వేలు 'చాలు' అనకపోతే చెయ్యి ఆగదు. చెయ్యి ఆగకపోతే ఇనుము అరిగిపోతుంది.

ఆసుపత్రిలో డాక్టరు వేలిని అటూ ఇటూ వంచి, సూదితో గుచ్చి చూశాడు.

"మణికట్టు దగ్గర నరం నలిగింది. ఇన్నేళ్ళూ సైకిల్ మీద బరువంతా చేతులమీదే మోపావు. ఆ బరువు తీసేస్తే స్పర్శ మళ్ళీ రావచ్చు. రాకపోనూ వచ్చు" అన్నాడు.

సానన్న ఆ మాటలో మొదటి సగం తీసుకుని, రెండో సగం అక్కడే బల్ల మీద వదిలేసి వచ్చాడు. నేరుగా బావమరిది సైకిల్ షాపుకి పోయాడు. బావమరిదికి నోరెక్కువ గాని పని చెడగొట్టే రకం కాదు.

"ఏంటి బావా, మొహం అలా వేలాడేశావు? తిట్టింది అక్కా, సైకిలా?"

"చేతులు లాగేస్తున్నాయిరా. హ్యాండిల్ పైకి లేపు."

"ముందు ఎక్కి కూర్చో, నీ వాలకం చూడనీ." సైకిల్‌ని గోడకి ఆనించి, అతన్ని కూర్చోబెట్టి చుట్టూ తిరిగి చూశాడు. "బాగుంది. రోడ్డు మీద ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నట్టు కూర్చున్నావు. నడుం వంగిపోయింది, మోచేతులు కర్రల్లా బిగిశాయి. ఒళ్ళంతా తెచ్చి రెండు అరచేతుల్లో కుమ్మరించావు. నొప్పెట్టకేం చేస్తాయి?"

బొటనవేలి సంగతి మాత్రం సానన్న చెప్పలేదు. సరుకు పాడైందని ఇంట్లోవాళ్ళకి చెబితే సాయంత్రానికి బజారంతా తెలుస్తుందని భయం.

హ్యాండిల్ లేచింది. దారిలో ప్రాణం హాయిగా ఉంది. మొదటి గుమ్మం ముందు స్టాండు వేసేదాకా ఆ హాయి నిలిచింది. హ్యాండిల్‌తో పాటు రాయీ లేచి ఛాతీ దాకా వచ్చింది, బెల్టు బిగుసుకుపోయి మొండికేసింది. మోచేతులు రెక్కల్లా ఎత్తి కత్తిని రాయికి ఆనిస్తుంటే ఆ ఇంటావిడ గడప మీద నిలబడి చూసింది.

"ఏంటయ్యా, కత్తికి సాన పడుతున్నావా, దణ్ణం పెడుతున్నావా?"

మర్నాడు బావమరిది ఇంకో ఉపాయం చెప్పాడు. జేబులో పానా పెట్టుకోవాలి. తొక్కేటప్పుడు నట్టు వదులు చేసి హ్యాండిల్ లేపుకోవాలి, పని దగ్గర దింపుకోవాలి. దారికో ఎత్తు, రాయికో ఎత్తు. వినడానికి దివ్యంగా ఉంది. కాని ఆ నట్టు బిగించాలంటే రెండు మణికట్లూ కలిసి మెలితిరగాలి. గుమ్మం గుమ్మానికీ విప్పడం, బిగించడం. దారిలో మిగిలిన సుఖం నట్టు దగ్గర ఖర్చయిపోయి, పైన ఇంకాస్త బాకీ పడింది.

తర్వాత సీటు వెనక్కి జరిపారు. గ్రిప్పుల మీద పాత ట్యూబు చుట్టారు. సీటు ముక్కు పైకెత్తారు, కిందికి దించారు. చేతుల లాగుడు కొంచెం తగ్గి నడుం పట్టేసింది. నడుం సర్దితే కూర్చునే చోటు కమిలింది. బరువు పోయింది లేదు, ఈ కొట్లో అమ్ముడుపోని బస్తాని పక్క కొట్లోకి దొర్లించినట్టు ఒంట్లోనే తిరుగుతోంది. సానన్నకి లెక్క బాగానే అర్థమైంది. బస్తాని గడప దాటించే దారే తెలియలేదు.

ఒక పొద్దున భార్య టీ గ్లాసు చేతికిచ్చింది. ఆమె కొంగుతో పట్టుకుని తెచ్చిన గ్లాసుని అతను మామూలుగా అందుకుని, ఏదో ఆలోచిస్తూ బొటనవేలు అంచుకి ఆనించి అలాగే పట్టుకున్నాడు.

"చెయ్యి కాలట్లేదా?" అంది.

"అంత వేడిగా ఏముందిలే."

ఆమె గ్లాసు లాక్కుని కింద పెట్టింది. అతని బొటనవేలు పట్టుకుని చూసింది. ఎర్రగా కందిపోయింది.

"నొప్పి అన్నావు. ఇది నొప్పేనా?"

"నొప్పే. అదీ ఇదీ ఒకటే. నొప్పి తగ్గితే ఇదీ తగ్గుతుంది. హ్యాండిల్ కుదిరితే అన్నీ కుదురుతాయి."

"నీ హ్యాండిల్ కథ వినలేక చస్తున్నానయ్యా. నా తమ్ముడికి బుద్ధి లేదు, నీకు అంతకన్నా లేదు" అందిగాని, ఆ తర్వాత గ్లాసు ఎప్పుడిచ్చినా ముందు తన చెంపకి ఆనించి చూసుకునే ఇచ్చేది. ఇద్దరూ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇళ్ళ కత్తులన్నీ కలిపినా సానన్నకి చిల్లర వ్యాపారమే. ఇల్లు నిలిచింది బట్టల కార్ఖానా కత్తెరల మీద. అక్కడి కటింగ్ మాస్టరు మెడలో టేపుతో, చెవి మీద సుద్దముక్కతో తిరిగే నెమ్మదైన మనిషి. ఆయన ఒకరోజు కత్తెరల పెట్టె ముందు పెట్టుకుని సానన్నని పక్కకి పిలిచాడు.

"కోపం తెచ్చుకోకు సానన్నా. పదునుకి వంక లేదు. కాని కత్తెరలు చిక్కిపోతున్నాయి." ఒక కత్తెర తీసి వెలుతురుకి ఎత్తి చూపించాడు. కోసే అలుగు సన్నబడి, మధ్యలో పల్లం పడింది. "ఇవి కొత్తగా వచ్చినవి. నీ చేతికిస్తే ఇన్నాళ్ళూ ఇనుము ఒక్క పొర కూడా వృథా అయ్యేది కాదు. ఇప్పుడేమైంది?"

"సైకిల్ సరిగ్గా లేదు మాస్టారూ. కూర్చోవడం కుదరట్లేదు. చెయ్యి అదురుతోంది. బాగు చేయిస్తున్నాను."

"చేయించు. పైవాళ్ళు మెషీన్ పెట్టుకున్నవాడెవడికో ఇస్తామంటున్నారు. ఒక విడత ఆగమన్నాను. ఈసారి వచ్చినప్పుడు నా కత్తెర ఇస్తా. అది చూపించి వాళ్ళ నోరు మూయిస్తాను."

మాస్టరు కత్తెర అంటే ఆషామాషీ కాదు. పెద్దది, బరువైనది, ఇంకొకరు ముట్టుకోవడానికి వీల్లేనిది. అది బాగా వస్తే కార్ఖానా పని నిలుస్తుంది, రాకపోతే పోతుంది. బేరం అంత సూటిగా చెప్పాక ఇంకా అడగడానికేం లేదు.

సానన్న షాపుకి పోయి, "నువ్వు నాకు సరైన హ్యాండిల్ చూపించాలిరా, లేదంటే మీ అక్కని వెనక్కి తీసుకో" అన్నాడు.

"అమ్మో, హ్యాండిలే చూపిస్తాను" అని బావమరిది అటక ఎక్కాడు. దుమ్ములోంచి ఒక పాత హ్యాండిల్ దింపాడు. ఎద్దుకొమ్ముల్లా పైకి లేచి, మళ్ళీ తొక్కేవాడి వైపుకే వంగి ఉంది. పెద్దమనుషులు షికారుకి పోయే సైకిళ్ళకి ఉండేది. "ఇది వేస్తే చేతులు నీ దగ్గరికి అవే వస్తాయి బావా. నువ్వు వాటి దగ్గరికి పోనక్కర్లేదు."

"మరి రాయి?"

బావమరిది సైకిల్ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత నుదురు కొట్టుకున్నాడు.

"రాయి హ్యాండిల్‌కే ఎందుకుండాలి? నడిమి రాడ్డుకి చిన్న రేకు వెల్డింగ్ చేసి అక్కడ బిగిస్తే పోలా? రాయి కిందుంటుంది, హ్యాండిల్ పైనుంటుంది. దేని దారి దానిది. ఇన్నాళ్ళూ మన ఇద్దరి తలకాయల్లో ఏముందో ఏమో."

ఈ ఒక్క రేకుముక్క సైకిల్ కొన్ననాడే వేయించి ఉంటే ఎంత మిగిలేదో సానన్న మనసులో కూడబోయి, మధ్యలోనే ఆపేశాడు.

కుదిరింది. ఈసారి నిజంగా కుదిరింది. వీపు నిటారుగా నిలిచింది, మోచేతులు వదులుగా వంగాయి, అరచేతులు గ్రిప్పుల మీద ఊరికే వాలి ఉన్నాయి. గుమ్మాల్లో ఆడవాళ్ళు నవ్వారు. "ఎవరో పెళ్ళికొడుకు ఊరేగుతున్నాడనుకున్నాం" అన్నారు. నాలుగు వీధులు తిరిగినా అరచేయి మండలేదు. మణికట్టు లాగలేదు. రాత్రి చెయ్యి కింద దిండు పెట్టుకోకుండా నిద్రపోయాడు. పొద్దున లేవగానే గోడకి బొటనవేలు ఆనించి చూసుకున్నాడు. గోడ తగల్లేదు. ఇంకా టైమ్ పడుతుంది అనుకున్నాడు.

కార్ఖానాకి పోయేరోజు గంపెడాశతో బయల్దేరాడు. గేటు పక్కన ఎప్పుడూ ఆపే చోటే స్టాండు వేశాడు. కటింగ్ మాస్టరు తన కత్తెర నట్టు విప్పి, రెండు అలుగులూ గుడ్డలో పెట్టి తెచ్చి ఇచ్చాడు. ఇచ్చి పోకుండా పక్కనే నిలబడ్డాడు.

"బండి మార్చావే. దర్జాగా ఉంది."

"కూర్చోవడం కుదిరింది మాస్టారూ. ఇక చూడండి."

రాయి తిరిగింది. నిప్పురవ్వలు సన్నగా, ఒకే ధారగా లేచాయి. చెయ్యి అదరలేదు. ఇంత స్థిరంగా ఆ చెయ్యి ఎన్నేళ్ళుగానో నిలవలేదు. సానన్న అలుగు ఎత్తి బొటనవేలు ఆనించాడు. వేలు ఏమీ చెప్పలేదు. ఇంకొంచెం రుద్దాడు, మళ్ళీ ఆనించాడు. ఏమీ లేదు. అంచు ఇంకా మొద్దుగా ఉందేమో అనుకుని గట్టిగా ఒత్తి, అడ్డంగా లాగి చూశాడు. మళ్ళీ రాయికి పెట్టాడు.

"ఆపు" అన్నాడు మాస్టరు.

"ఇంకొక్క వరస మాస్టారూ. పదును ఎక్కలేదు."

"సానన్నా, ఆపు. నీ చెయ్యి చూసుకో."

రాయి ఎర్రగా ఉంది. రాడ్డు మీద, ప్యాంటు మోకాలి మీద చుక్కలు పడ్డాయి. బొటనవేలు కొస నిలువునా తెరుచుకుని ఉంది. సానన్న దాన్ని ఎవరిదో చూసినట్టు చూశాడు.

మాస్టరు కింద పడి ఉన్న గుడ్డపీలిక తీసి వేలికి చుట్టాడు. కొలతలు తీసే మనిషి కాబట్టి వదులు లేకుండా, బిగుతు కాకుండా కట్టాడు. కట్టడం అయ్యాక అడిగాడు.

"నొప్పి పుట్టలేదా?"

"లేదు మాస్టారూ."

హ్యాండిల్ మార్చిన ప్రతిసారీ బావమరిది అడిగినప్పుడు ఈ జవాబు చెప్పాలనే ఇన్ని తిప్పలు పడ్డాడు. ఇప్పుడు చెప్పాక అర్థమైంది. నొప్పీ, మొద్దుబారడమూ ఒకే బాకీ కావు. ఆ చేతిలో ఇంకా బతికి ఉన్నదాని గోల నొప్పి. అది ఊరుకుంది, అంతే. వేలు అంతకు చాలా ముందే పోయింది.

మాస్టరు అలుగులు తుడిచాడు గాని వెలుతురుకి ఎత్తలేదు. చూడకుండానే గుడ్డలో చుట్టాడు.

"డాక్టరుకి చూపించుకో. కత్తెరల సంగతి... పైవాళ్ళు చూసుకుంటారులే" అన్నాడు. సైకిల్ సీటు మీద ఒకసారి చెయ్యి వేసి, లోపలికి వెళ్ళిపోయాడు.

తిరుగుదారి పొడుగునా ఎక్కడా ఏదీ లాగలేదు, మండలేదు. సానన్న షాపు ముందు దిగాడు. బావమరిది పంచరు పని వదిలేసి ఎదురొచ్చాడు.

"ఎలా ఉంది బావా? చేతులు?"

"బాగున్నాయి."

"నడుం?"

"బాగుంది. అన్నీ బాగున్నాయి."

"చెప్పానా? ఇక ఎంత దూరమైనా పోవచ్చు నువ్వు." అప్పుడు వేలి కట్టు చూశాడు. "అదేంటి?"

"తెగింది. ఆ రాయి విప్పెయ్యరా."

"ఎందుకు? కుదర్లేదా? ఇంకాస్త ముందుకి జరపనా?"

"కుదిరింది. విప్పెయ్యి."

బావమరిది అతని మొహం చూశాడు. పానా తెచ్చి సైకిల్ పక్కన గొంతుక్కూర్చున్నాడు. నట్టు కొత్తది, ఒక పట్టాన లొంగలేదు. సైకిల్ కదలకుండా సానన్న హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు, నేర్పించినట్టే మోచేతులు వదులుగా వంచి, అరచేతుల మీద బరువు మోపకుండా. నట్టు ఎప్పుడు వదులైందో, రాయి ఎప్పుడు ఊడివచ్చిందో అతని చేతికి తెలియలేదు. నేల మీద పెట్టిన చప్పుడు వినపడ్డాక తెలిసింది.