అమావాస్య ముద్ద

యర్రమ్మను అమ్మడు "అమ్మా" అని పిలిచినప్పుడల్లా గవరమ్మకు ఒళ్లు భగ్గుమనేది. ఎందుకు మండదూ? అమ్మడు ఎవరి పిల్ల? తన సొంత తమ్ముడు అసిరయ్య కూతురు. పురిట్లోనే తల్లి పోతే, పాలకోసం గుక్కపట్టి ఏడుస్తున్న ఆ పసిగుడ్డును పక్కింటి యర్రమ్మ ఒళ్లో పెట్టిందెవరు? ఈ గవరమ్మే. యర్రమ్మకు అప్పుడే బిడ్డ పుట్టి పోయింది, పాలున్నాయి. గవరమ్మకు పిల్లలూ లేరు, పాలూ లేవు. ఏదో కొన్నాళ్ల ముచ్చట అనుకుంటే పిల్ల అక్కడే పాతుకుపోయింది. ఎత్తుకుందామని గవరమ్మ చేతులు చాపితే చాలు, పరుగున పోయి యర్రమ్మ కుచ్చెళ్లలో దూరేది.

అమ్మడికి మూడేళ్లప్పుడు అసిరయ్య సముద్రం మీద చేపల వేటకు వెళ్లి తిరిగి రాలేదు. పడవ చెక్క కూడా దొరకలేదు. అది జరిగి మూడేళ్లయింది.

ఇప్పుడు యర్రమ్మ మొగుడు దానయ్యకు ఎక్కడో ఉత్తరాన ఇంకో దీవిలో, రంగత్ దగ్గర కొత్తగా వేస్తున్న పెద్ద రోడ్డు మీద సర్కారు పని దొరికింది. అమ్మడిని దత్తత చేసుకుని తీసుకుపోతామని మొగుడూ పెళ్లామూ పోర్ట్ బ్లెయిర్ కోర్టులో అర్జీ పెట్టారు. పిల్లకు పెద్దదిక్కు నానమ్మ, అంటే గవరమ్మ తల్లి తాతమ్మ. ఊరవతల గరాచర్మలో మంచం పట్టి ఉన్న ఆ ముసలిది "తీస్కెల్లండమ్మా, సల్లగా బతకండి" అని వేలిముద్ర వేసేసింది. కన్నతల్లే అలా చేస్తే గవరమ్మ కడుపు రగిలిపోదూ?

చేపల గంప ఇంట్లో పడేసి తిన్నగా మిడిల్ పాయింట్‌లో వకీలు దగ్గరికి పోయింది.

"తండ్రి బతికుంటే పిల్లను ఇచ్చే హక్కు తండ్రిదే, నానమ్మది కాదు," అన్నాడు వకీలు. "శవం దొరకలేదు, మరణించినట్టు కాగితం లేదు. మనిషి జాడ లేకుండా ఏడేళ్లు గడిస్తేగానీ పోయాడని చట్టం ఒప్పుకోదు. పడవ కొట్టుకుపోయి బర్మా జైల్లో ఉన్నాడేమో అను, చాలు."

అబ్బ, ఎంత చల్లని మాట! ఇంకా నాలుగేళ్లు. యర్రమ్మ రంగత్‌లో, అమ్మడు తన ఇంట్లో. "ఏడవ్వే యర్రీ, ఇకన నువ్వేడు," అనుకుంటూ ఇంటికొచ్చింది.

విచారణనాడు గవరమ్మ బోనెక్కి గట్టిగానే చెప్పింది.

"మా తమ్ముడు బతికే ఉన్నాడు సాబ్. బర్మాలో ఉన్నాడు. ఏదో ఒక దినం ఒస్తాడు."

యర్రమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. అది చూసి గవరమ్మకు ప్రాణం లేచొచ్చింది, దాచడమెందుకు.

జడ్జి మెయిన్‌లాండ్ నుంచి వచ్చినవాడు, తెలుగు రాదు; ఏ మాటైనా కోర్టు గుమాస్తా హిందీలోకి మార్చి చెప్పాలి. పిల్లను బోనెక్కించవద్దని, తనే కుర్చీ దిగి వచ్చి బల్ల మీద అమ్మడి పక్కన కూర్చున్నాడు. దీవుల్లో పుట్టిన పిల్ల, హిందీ దాని ఆటల భాష.

"మీ నాన్న ఎక్కడున్నాడు బేటీ?"

"మర్ గయా," అంది అమ్మడు తడుముకోకుండా.

వకీలు లేచాడు. "వాళ్లు నేర్పించి తెచ్చారు సాబ్!"

"నీకెవరు చెప్పారమ్మా?" అన్నాడు జడ్జి.

"అత్త." అమ్మడు గవరమ్మకేసి వేలు చూపించి తెలుగులోకి దిగిపోయింది. "అమావాస్యకి నన్ను ఒడ్డుకి తీస్కెల్తాది. నాన్నకి ముద్ద ఎడతాది. కాకి తింటే నాన్న తిన్నట్టే. కాకి రాకపోతే అత్త ఏడుస్తాది. 'తినరా అసిరీ' అంటాది."

గుమాస్తా దాన్ని జడ్జికి హిందీలో చెబుతుంటే వెనకనున్న వాడలోని వేటగాళ్లంతా తలలు దించుకున్నారు. బతికున్నవాడికి కాకిముద్ద ఏ అక్కయినా పెడుతుందా? శవం లేదని వాడలోవాళ్లు దినాలు చెయ్యడానికి జంకితే, తమ్ముడు ఆకలితో తిరుగుతాడని గవరమ్మే ఆ ముద్ద పెడుతూ వచ్చింది. బెల్లంముక్క ఆశచూపి అమ్మడిని వెంట నడిపించుకుపోయేది. నెలకు ఆ ఒక్క పూటే పిల్ల తనది. ఇంత పన్నాగం పన్నిన మనిషికి ఆ సంగతే గుర్తు లేకపోయింది!

"పిల్ల అబద్ధం చెబుతోందను," అని వకీలు గొణిగాడు.

గవరమ్మ నోరు తెరిచింది. అమ్మడు కళ్లింత చేసుకుని ఆమెనే చూస్తోంది. సరిగ్గా చెప్పాను కదూ అత్తా, అన్నట్టుంది ముఖం. తనేం చెప్పినా, ఎప్పుడేం చేసినా ఆ పిల్ల అంతా మనసులో పెట్టుకుందన్నమాట. ఛీ, ఈ ముఖాన్ని పట్టుకుని అబద్ధాలకోరు అనడమా?

"అది అబద్ధమాడదు సాబ్," అంది. "మా తమ్ముడు పోయాడు." అని బావురుమంది.

జడ్జి ఆమెను ఏడవనిచ్చి, తర్వాత చెప్పాడు. ఇంకో నాలుగేళ్లు ఈ పిల్ల ఎవరి పిల్లో తేలకుండా పెరగడం న్యాయం కాదన్నాడు. మరణించినట్టు కాగితం అక్కర్లేదు, అక్క మాట చాలన్నాడు. మంచంలో ఉన్న నానమ్మ రావాలన్న పట్టింపూ వదిలేశాడు. దత్తతంటే పిల్లను చేత్తో ఇవ్వాలి, చేత్తో పుచ్చుకోవాలి గనక, నానమ్మ బదులు గుమాస్తా అప్పగిస్తాడన్నాడు.

గుమాస్తా అమ్మడి చెయ్యి పట్టుకోబోయాడు.

"ఆగండి బాబూ!" గవరమ్మ బోను దిగి వచ్చేసింది. "అన్నీ ఒగ్గీసినారు, ఇదొక్కటీ ఒగ్గీకండి. మాయమ్మ బదులు నేనిస్తాను."

జడ్జి తలూపాడు. గవరమ్మలో అసూయ చచ్చిందా అంటే, ఎక్కడ చస్తుంది? యర్రమ్మను చూస్తే ఇప్పుడూ కడుపు మండుతూనే ఉంది. అయినా వంగి చేతులు చాపింది. అమ్మడు ఈసారి పరుగెత్తలేదు. తానే వచ్చి మెడ చుట్టూ చేతులేసింది. ఇంత బరువుంటుందని గవరమ్మకు ఇన్నాళ్లూ తెలియదు.

యర్రమ్మ కళ్లు తుడుచుకుని రెండు చేతులూ ముందుకు చాపింది. "ఇవ్వు గవరప్పా."

"ఉండవే," అంది గవరమ్మ, పిల్లను ఇంకా గట్టిగా హత్తుకుంటూ. "ఇవ్వాలంటే ముందు నా సేతుల్లో ఉండాల కదా."