కొలత బోరు

బిందెల వరస ముందు నుంచే ట్యాంకరు ఆగకుండా వెళ్ళిపోయింది.

"ఆపరా! నీ బండి కాలిపోను!" ఇస్త్రీ బండి అత్త వెంటపడింది.

అది గని గేటు పక్కన కొలత బోరు దగ్గర ఆగింది. భూమిలో నీరు ఎంత లోతున ఉందో చూడటానికి కంపెనీ దింపిన గొట్టం అది. క్లీనరు అందులోకి నీళ్ళు వదిలాడు. మధ్యాహ్నం తనిఖీ వాళ్ళొస్తున్నారు. మనుషుల గొంతులకు లేని నీళ్ళు లోతు కొలిచే టేపుకు తాగిస్తున్నారు!

షిఫ్టు ముగించి వస్తున్న పంపు ఆపరేటరు నిలబడిపోయాడు. గనిలో ఊరే నీటిని తోడి వాగులో కలిపేది అతనే. అతని పెరటి బావి ఎండింది. గోడకవతల అన్నగారి బావీ ఎండింది. వాడలో అందరూ చేసిన పొరపాటే వాళ్ళూ చేశారు. పక్కవాడు లోతుగా తవ్వి మన నీళ్ళు లాగేశాడనుకుని తామూ తవ్వించారు. వదినకూ అతనికీ మాటలు పోయాయి. అయినా అతనింట్లో మంచాన పడ్డ అత్తగారికని వదిన రోజూ గోడ మీద చెంబెడు ట్యాంకరు నీళ్ళు పెట్టడం మానలేదు.

ఆ ఉదయం అతనే ముందు నోరు విప్పాడు. "వదినా, మన నీళ్ళు నువ్వూ లాగలేదు, నేనూ లాగలేదు. గని లాగింది. నా చేత్తోనే లాగించింది."

"ఇన్నాళ్ళూ పంపు పక్కన కూచుని ఇప్పుడా మరిదీ తెలిసింది?" అంది వదిన. కళ్ళు మాత్రం తడిశాయి.

యూనియన్ గదిలో జనం కిక్కిరిశారు.

"పంపు ఆపేద్దాం!"

"లోపల నా కొడుకున్నాడు. ముంచేస్తావా?"

"పోనీ, అర్జీ ఇద్దాం."

"ఇచ్చిన అర్జీలన్నీ చదివుంటే వాళ్ళకీపాటికి కళ్ళు పోయేవి!"

ఆపరేటరు లేచాడు. "ఆపాల్సింది పంపుని కాదు, ఆ వచ్చేవాళ్ళని. కింద భూమి ఖాళీ. బోరులో పోసిన నీళ్ళు నిలవవు. సాయంత్రం దాకా కూర్చోబెడితే చాలు."

"ఉద్యోగం ఊడుతుందిరా!"

"నీళ్ళు లేకపోతే ఉద్యోగంతో మొహం కడుక్కోనా?"

మధ్యాహ్నం టేపు దిగింది. "నీరు పైనే ఉందే," అన్నాడు తనిఖీ అధికారి. మేనేజరు నవ్వాడు. అంతే, ఖాళీ బిందెలతో జనం జీపు చుట్టూ కూర్చున్నారు.

"తొందరేముంది నాయనా? పొద్దు వాలాక మళ్ళీ కొలవండి," అంది ఇస్త్రీ బండి అత్త.

మేనేజరు ఫోను తీశాడు. అప్పుడే షిఫ్టు దిగింది. బొగ్గు మొహాలతో పైకొచ్చిన వాళ్ళు ఇళ్ళకు వెళ్ళలేదు. వాళ్ళూ కూర్చున్నారు.

పొద్దు వాలుతుండగా పోలీసులొచ్చారు. "ఎవడు వీళ్ళకి నాయకుడు?"

జనమంతా లేచారు. అయినా మేనేజరు వేలు ఆపరేటరునే చూపింది.

వ్యాను దగ్గరికి వదిన చెంబుతో పరుగెత్తుకొచ్చింది. కానిస్టేబులు అతని చెయ్యి వదిలి అటు తిరిగి నిలబడ్డాడు. ఆపరేటరు ఒక్క గుక్క తాగి చెంబు తిరిగిచ్చాడు.

"మిగతాది అమ్మకి."

వెనక టేపు మళ్ళీ దిగుతోంది. "ఇంకా వదలండి... ఇంకా..." జనం అంటూనే ఉన్నారు. టేపంతా అయిపోయింది. పైకి లాగితే కొస పొడిగా ఉంది.

వ్యాను కదిలింది. వదిన చెంబు పట్టుకునే వెళ్ళి మరిది కూర్చున్న చోటే కూర్చుంది.

"అయ్యా, ఇక మా బావులు కొలుద్దురు రండి. ఇంటింటికీ మేమే తీసుకెళ్తాం. అన్నీ చూశాకే మీ జీపు కదిలేది. ఈలోగా మా మరిది ఆ వ్యాను దిగి రావాలి."

జీపు చుట్టూ మళ్ళీ కూర్చున్న జనంలో ఒక్కరూ లేవలేదు.