అత్తగారి నేరం

అనువాదాలు చేసే కోడలి కంప్యూటరు వారం రోజులుగా పావుగంటకోసారి చెప్పాపెట్టకుండా ఆగిపోతోంది. వైరు మార్చినా లాభం లేకపోయింది. పక్క గదిలో బట్టలు కుట్టే అత్తగారు వచ్చి డబ్బా మీద చెయ్యి పెట్టి చూశారు.

“అమ్మో, పెనంలా కాలిపోతోందే! ప్లగ్గు తీసి మూత విప్పు.”

లోపల ఫ్యాను రెక్కలు కనబడనంతగా దారప్పీచు పేరుకుపోయి ఉంది.

“ఇదంతా నా కుట్టుమిషను చలవే!” అని అత్తగారు నాలుక కరుచుకున్నారు.

“నేరం మీదైతే శిక్ష కూడా మీదే అత్తయ్యా,” అంటూ కోడలు నవ్వి బ్రష్షు చేతికిచ్చింది.

దుమ్మంతా దులిపాక ఫ్యాను రివ్వున తిరిగింది. పావుగంట గడిచింది, గంట గడిచింది, కంప్యూటరు ఆగలేదు. సాయంత్రానికి తను అనువదిస్తున్న పుస్తకం ఆఖరి పేజీ ముగించిన కోడలు, ఒక్క గెంతున వెళ్లి అత్తగారిని వాటేసుకుని గిరగిరా తిప్పేసింది.

“ఒసేయ్, వదలవే, పడిపోతాను!” అని అరుస్తూనే అత్తగారు పకపకా నవ్వారు.